పార్కులోకి వెళ్ళకుండా డిస్నీ రిసార్టులో ఉంటే టైమ్ గడుస్తుందా అండీ?

రావులపాలెం_రమణి
అందరికీ నమస్కారమండి. మా అబ్బాయి వాళ్ళు అట్లాంటాలో ఉంటారు, అక్టోబర్లో మేమిద్దరం వెళ్తున్నాం, ఆ సరదాలో వాడు ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ ప్రోగ్రాం పెట్టేసి లోపలే హోటల్ బుక్ చేసేశాడు. చిక్కేంటంటే మావారికి మోకాలు ఆపరేషన్ అయింది, కాస్త నడిస్తే చాలు ఎక్కడ కూర్చుందామా అని చూస్తారు, నాకేమో గిరగిరా తిరిగేవి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, తీర్థంలో రంగులరాట్నం కూడా ఎప్పుడూ ఎక్కిందాన్ని కాదు. పార్కు టికెట్ మనిషికి రోజుకి వంద డాలర్ల పైమాటేనట, పెద్దవాళ్ళని తగ్గింపేం లేదట. మాకు టికెట్లు కొనకురా, నువ్వూ కోడలూ పిల్లా వెళ్ళి రండి, మేం హోటల్లో ఉంటాం అంటే వాడు మొహం మాడ్చుకున్నాడు. మావారు ఇంకో రకం, అంత దూరం వెళ్ళి లాడ్జిలో పడుకోడమేంటి, రావులపాలెంలో లాడ్జిలు లేవా అంటున్నారు. అలా ఉండొచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, నిజంగా చూడ్డానికేమైనా ఉంటుందా లేక రోజంతా టీవీయేనా?

వశిష్ఠ_గట్టు
మీవారి మాటకే నా ఓటండి. గదికి బాల్కనీ, ఎదురుగా నీళ్ళు, పడవ, కూర్చున్న చోటికి కాఫీ, ఇవేగా కావాల్సింది? మన కోనసీమలో దిండి ఊరు వెళ్ళండి, గోదారీ కొబ్బరిచెట్లూ అక్కడే ఉన్నాయి, వీసా అక్కర్లేదు. ఆయ్.

టాంపా_తణుకోడు
గట్టు గారూ, వాళ్ళబ్బాయి బుక్ చేసేశాడండి, మీరిప్పుడు దిండి అంటే ఏం లాభం.

రమణి గారూ, అసలు సంగతి చాలామందికి తెలీదు. డిస్నీ వరల్డ్ అంటే పార్కు అనుకుంటారు, అది దాదాపు 25 వేల ఎకరాల జాగా, అందులో టికెట్ గేటున్న పార్కులు నాలుగు, నీళ్ళ పార్కులు రెండు, మిగిలిందంతా చెరువులు, అడవి, హోటళ్ళు, రోడ్లు. గేటు లోపలికి వెళ్తేనే టికెట్. బస్సు, పడవ, మోనోరైలు, స్కైలైనర్ అని తీగల మీద వెళ్ళే క్యాబిన్లు, వీటికి టికెట్ లేదు, ఎక్కడం దిగడం ఉచితం. నేను దానికి దగ్గర్లోనే ఉంటా కాబట్టి మా ఊరి నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తుంటా, పెద్దవాళ్ళని పార్కులోకి తిప్పడం మానేసి చాలా కాలమైంది. కాకపోతే ఏ హోటల్ అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది చెప్పండి ముందు.

రావులపాలెం_రమణి
పాప్ సెంచురీ అనే పేరు చెప్పాడండి. మంచిదేనా?

టాంపా_తణుకోడు
అమ్మయ్య, బతికించాడు మీ అబ్బాయి. చవక రకం హోటలే, గది చిన్నది, బయట నాలుగంతస్తుల ఎత్తున రూబిక్ క్యూబులూ అవీ పెట్టి పిల్లల హడావిడిగా ఉంటుంది, రోజంతా అక్కడే కూర్చోమంటే నాకే విసుగు. కానీ దానికి స్కైలైనర్ స్టేషనుంది. 2019 సెప్టెంబర్లో మొదలైంది అది. పార్కుకెళ్ళనివాళ్ళకి రేటు కన్నా ఆ హోటల్ నుంచి ఏ బండి దొరుకుతుందన్నదే ముఖ్యం, ఆల్ స్టార్ హోటళ్ళయితే బస్సు తప్ప ఇంకోటి లేదు.

మీరు చేయాల్సింది వినండి. పొద్దున్న ఎనిమిది తొమ్మిదికి జనమంతా పార్కులకి పరిగెడతారు, ఆ టైమ్‌లో మీరు టిఫిన్ చేస్తూ కూర్చోండి. పదిన్నరకి తీరిగ్గా స్కైలైనర్ ఎక్కండి. క్యాబిన్ పూర్తిగా ఆగదు, నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది, మోకాలి ఇబ్బంది ఉందని అక్కడ స్టాఫ్‌కి చెప్తే ఆగి ఉన్న క్యాబిన్లోకి ఎక్కిస్తారు, చెప్పడానికి మొహమాటపడొద్దు. చెరువు మీదుగా కరీబియన్ బీచ్ అనే జంక్షన్‌కి తీసుకెళ్తుంది, అక్కడ మారి ఎప్‌కాట్ అనే పార్కు వైపు క్యాబిన్ ఎక్కితే మధ్యలో రివేరా హోటల్ మీదుగా వెళ్ళి పార్కు వెనక గేటు దగ్గర దింపుతుంది. స్టేషన్ గేటు బయటే. లోపలికి వెళ్ళకుండా పక్క దారిలో నడిస్తే కొద్ది నిమిషాల్లో బోర్డ్‌వాక్ వస్తుంది, చెరువు చుట్టూ చెక్క బల్లల దారి, బెంచీలు, కాఫీ కొట్లు. అక్కడ్నించి చిన్న లాంచీ, అదీ ఉచితమే, హాలీవుడ్ స్టూడియోస్ పార్కు బయట రేవులో దింపుతుంది. ఆ పక్కనే మళ్ళీ స్కైలైనర్, ఎక్కితే జంక్షన్‌కి, అక్కడ మారితే మీ హోటల్‌కి. తీగల మీద వెళ్ళి, నీళ్ళ మీద తిరిగి, మళ్ళీ తీగల మీద రావడం, రూపాయి ఖర్చు లేదు, నడక కూడా కొంచెమే.

భీమారం_బుల్లోడు
అన్నీ ఫ్రీ ఫ్రీ అంటున్నారు గానీ గురూ గారూ, నాకిది అర్థం కాదు. లక్షలు పెట్టి ఫ్లైట్ ఎక్కి గేటు బయట తిరిగొస్తారా? పార్కులో అన్నీ గిరగిరా తిరిగేవే ఉండవు ఆంటీ. మేజిక్ కింగ్‌డమ్ అనే పార్కులో పీపుల్ మూవర్ అని నెమ్మదిగా పై నుంచి తిప్పే బండి ఉంటుంది, స్మాల్ వరల్డ్ అని పడవలో కూర్చుంటే బొమ్మలు పాటలు పాడుతుంటాయి, పెరేడ్ కుర్చీలో కూర్చుని చూడొచ్చు. వీల్‌చైర్ అద్దెకిస్తారు. ఒక్కరోజుకైనా కొనండి, మీ మనవరాలు ఆ కోట చూసి ఎగిరి గంతేస్తుంటే పక్కన మీరు లేకపోతే ఎలా?

కొత్తపేట_అత్తమ్మ
బాబూ బుల్లోడూ, నువ్వు కుర్రోడివి, నీకేం తెలుస్తుంది. వీల్‌చైర్ అద్దెకిస్తారు సరే, దాన్ని తోసేదెవరు? కొడుకు తోస్తాడు, అప్పుడు ఆ పిల్లాడు ఏం చూస్తాడు, ఎండలో మమ్మల్ని తోసుకుంటూ తిరగడానికే సరిపోతుంది, సాయంత్రానికి ఒకళ్ళ మీద ఒకళ్ళకి చిరాకులు. మేం మా అల్లుడు వాళ్ళతో వెళ్ళినప్పుడు టికెట్లు వద్దన్నాం, వాళ్ళు హాయిగా తిరిగారు, రాత్రి వచ్చి అన్నీ చెప్తుంటే వినడం మాకు అంతకన్నా సరదాగా ఉంది.

రమణీ, ఒక మాట మాత్రం ముందే తేల్చుకోమ్మా. మనవరాలికి ఎన్నేళ్ళు? మూడు నిండకపోతే ఆ పిల్లకి టికెట్ లేదు, అయినా సరే "ఎండగా ఉంది కదమ్మా, పాపని మీ దగ్గర ఉంచి వెళ్తాం" అంటారు. ఒక పూటంటే సరే. అదే రోజూ అయితే నువ్వు రావులపాలెంలో చేసే పనే ఫ్లోరిడాలో చేసినట్టు. ఏ పూట ఎవరి దగ్గరో బయల్దేరకముందే మాట్లాడుకోండి, అక్కడికెళ్ళాక కోడలి ముందు అనలేం.

రావులపాలెం_రమణి
అమ్మో అత్తమ్మ గారూ, ఎంత బాగా పట్టుకున్నారండి, రెండున్నరేళ్ళే దానికి. ఆ మాట నిన్ననే వాడి నోట్లోంచి సగం వచ్చింది.

భీమారం_బుల్లోడు
సరే తోసేవాళ్ళ సంగతి నేను ఆలోచించలేదు. కానీ ఒక్కరోజు మాట మీద మాత్రం నేను తగ్గను.

కాకినాడ_కాజా
తిండి సంగతెవరూ చెప్పరేంటండి, నాకు అదే ముందు కావాలి. మా అమ్మ గుడ్డు కూడా ముట్టదు, వచ్చే ఏడాది మేమూ వెళ్ళాలి.

టాంపా_తణుకోడు
హోటల్ ఫుడ్ కోర్టులో బ్రెడ్డు, పండ్లు, పెరుగు, చీజ్ పిజ్జా ఉంటాయి, రెండు రోజులకి నోరు చచ్చిపోతుంది. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, పెరుగు డబ్బా, పచ్చడి సీసా పెట్టుకుంటే గండం గడుస్తుంది. అసలు సంగతి ఇది: యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అని ఇంకో హోటలుంది, అందులో సనా అనే రెస్టారెంట్. ఆఫ్రికా, ఇండియా వంటలు కలిపి చేస్తారు. బ్రెడ్ సర్వీస్ అని ఆర్డర్ చేస్తే నాన్‌లూ, వాటితో పాటు తొమ్మిది రకాల గిన్నెలు తెచ్చి పెడతారు, రైతా, చింతపండు చట్నీ, మామిడి చట్నీ, వెల్లుల్లి పచ్చడి, కొత్తిమీర చట్నీ, ఇంకా ఏవేవో. కారం మన నాలిక్కి కారం కాదు గానీ, వారం రోజులు సాండ్‌విచ్‌లు తిన్నాక ఆ వెల్లుల్లి పచ్చడి తగిలితే ప్రాణం లేచొస్తుంది. ముందే రిజర్వేషన్ చేయించుకోండి, 60 రోజుల ముందు తెరుస్తారు.

కాజా గారూ, ఇంకోటి. ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే చోట రాత్రి మంట వేసి చుట్టూ కూర్చోబెట్టి పాటలు పాడిస్తారు, రెండు ఉడతల బొమ్మలొస్తాయి, ఉచితం, పిల్లలకి భలే ఉంటుంది. అక్కడ మార్ష్‌మాలోలు కాల్చుకు తింటారు. వాటిలో జెలాటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి వచ్చేదే. అమ్మగారికి ముందే చెప్పండి.

కొత్తపేట_అత్తమ్మ
ఆ లాడ్జ్ సంగతి నేను చెప్తా. తినడానికి అని వెళ్ళాం గానీ నాకు తిండి గుర్తులేదు. హోటల్ వెనకాల పెద్ద మైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు, ఈ బారెడు కొమ్ముల ఆఫ్రికా ఆవులు. కంచె ఎక్కడుందో కనపడదు. అందరూ నిలబడి చూసే అరుగులాంటిది ఒకటుంది, దానికి గది తీసుకోనక్కర్లేదు. ఓ జిరాఫీ సరిగ్గా మా ఎదురుగా ఆకుల బుట్ట దగ్గరికొచ్చింది, నాలిక బయటపెట్టిందమ్మా, నల్లగా, మూరెడు పొడుగు, దాన్ని కొమ్మకి చుట్టి ఒక్క లాగు లాగితే ఆకులన్నీ నోట్లోకి, పుల్ల పుల్లలాగే మిగిలింది. మా ఆయన మేకల్ని మేపిన మనిషి, అలా నిలబడిపోయాడు, టైమ్ అయింది రా అంటే రాడు. టికెట్ కొన్నవాళ్ళు పార్కులో సఫారీ బండిలో కుదుపులు తింటూ చూసేది మేం అక్కడ నిలబడే చూశాం.

వెళ్ళడం ఎలాగో మాత్రం జాగ్రత్త, హోటల్ నుంచి హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. మీ హోటల్ నుంచి యానిమల్ కింగ్‌డమ్ పార్కు బస్టాండుకి వెళ్ళి అక్కడ లాడ్జ్ బస్సు మారాలి. ఆ పార్కు మిగతావాటికన్నా త్వరగా మూసేస్తారు, పగలే వెళ్ళండి, రాత్రయితే అల్లుడ్నో కొడుకునో ఉబర్ పెట్టమనండి.

సింగపూర్_సుధ
మాది అమలాపురం, సింగపూర్లో ఉంటున్నాం. అమెరికా వీసా లేనివాళ్ళకి ఇక్కడి సెంటోసా దీవి కూడా ఇలాంటిదే. అందులో యూనివర్సల్ స్టూడియోస్ పార్కు టికెట్ కొనకపోయినా దీవిలో తిరిగే రైలు, బీచ్ బస్సు ఉచితం, వివోసిటీ మాల్ నుంచి బోర్డ్‌వాక్ మీద నడిచొస్తే దీవిలోకి రావడానికి కూడా డబ్బులక్కర్లేదు. సైలోసో కోట ఉచితం, ఆ పైన చెట్ల మీదుగా నడిచే వంతెన ఉంది, లిఫ్టు ఉంది. మా అత్తమామలు వచ్చినప్పుడు నేనూ మా పాప యూనివర్సల్‌లో, వాళ్ళు సైలోసో బీచ్‌లో. యూనివర్సల్ వాళ్ళ పెద్ద గ్లోబు దగ్గర ఫోటో అందరూ కలిసి దిగాం, గ్లోబు గేటు బయటే కదా, ఊళ్ళో అందరూ లోపలికి వెళ్ళారనే అనుకున్నారు.

వశిష్ఠ_గట్టు
అదిగో, చివరికి తేలింది. ఊళ్ళోవాళ్ళకి చూపించే ఫోటో కోసం. ఆ ఫోటో దిండి హౌస్‌బోట్ మీద దిగినా లైకులొస్తాయండి.

భీమారం_బుల్లోడు
గట్టు గారికి దిండి వాళ్ళు కమిషన్ ఇస్తున్నట్టున్నారు.

వశిష్ఠ_గట్టు
ఇస్తే పుచ్చుకుంటానండి, మొహమాటం లేదు.

మోడరేటర్
దిండి గురించి వేరే థ్రెడ్ ఉంది, అందులో మాట్లాడుకోండి. రమణి గారి ప్రశ్న మీదే ఉండండి దయచేసి.

రావులపాలెం_రమణి
నవ్వలేక చచ్చానండి. ఇంకో రెండు అడుగుతా. ఒకటి, స్విమ్మింగ్ పూల్ దగ్గర చీరతో కూర్చుంటే ఏమైనా అంటారా? రెండు, మావారికి జిరాఫీలన్నా చెప్పా, పడవన్నా చెప్పా, "సరేలే" తప్ప ఇంకో మాట లేదు. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, లాకులూ కాలవలూ తప్ప ఇంకేం పట్టవు ఆ మనిషికి.

కొత్తపేట_అత్తమ్మ
చీరతో ఒడ్డున కుర్చీలో కూర్చుంటే ఎవరూ ఏమనరు. నీళ్ళలోకి దిగాలంటే ఈత బట్టలుండాలి, మోకాళ్ళ దాకా పొడుగు ఈత డ్రస్సులు దొరుకుతాయి, మా అమ్మాయి తెచ్చింది, మొదట సిగ్గేసింది, అక్కడ నన్ను చూసేవాడెవడు. అక్టోబర్లో కూడా పూల్ నీళ్ళు వేడి చేసే ఉంచుతారు, మోకాళ్ళకి మంచిది. మీ హోటల్ పూల్లోనే దిగాలి, వేరే హోటల్ పూల్లోకి రానివ్వరు. చెరువుల్లో మాత్రం ఎవర్నీ దిగనివ్వరు, మొసళ్ళుంటాయి, పాప చెయ్యి వదలొద్దు.

లాకు_సూపర్నెంటు
రమణి గారూ, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఇరిగేషన్ అన్నారు కాబట్టి వస్తున్నా. మీవారిని ఇక్కడికి పిలిచి చదివించండి.

డిస్నీ కట్టిన చోటు ఒట్టి బురద అడవి. ముందు పార్కు కట్టలేదు, ముందు మురుగు కాలవలు తవ్వారు. 1967లో రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అని ఆ జాగాకి సొంత స్థానిక ప్రభుత్వం లాంటిది రాష్ట్రం చేత చట్టం చేయించుకున్నారు, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు అన్నీ దాని చేతిలోనే, 2023లో దానికి పేరూ పాలకమండలీ మార్చారు. పని చేయించింది జో పాటర్ అని ఆర్మీ ఇంజినీరు, అంతకు ముందు పనామా కాలవ జోన్‌కి గవర్నరుగా చేసినాయన. 40 మైళ్ళకి పైగా కాలవలు తవ్వారు, కాలవ గీత గీసినట్టు తిన్నగా ఉండకూడదు, వాగులా వంకర్లు తిరగాలి అని పట్టుబట్టి అలా తవ్వించారు. మన దగ్గర కాలవ వంకర పోతే మెమో ఇస్తారు.

ఆయనకి నచ్చేది ఇంకోటుంది. ఆ కాలవలకి షట్టర్లున్నాయి, ఎత్తడానికి మనిషి లేడు, మోటారు లేదు, కరెంటు లేదు. గేటుకి ముందు తేలే భాగం ఒకటుంటుంది, ఎగువన నీరు పెరిగితే అది పైకి లేస్తుంది, దాంతో గేటు తెరుచుకుంటుంది, నీరు తగ్గితే దానంతటదే మూసుకుంటుంది. రాత్రి రెండింటికి వానలో గొడుగేసుకుని లాకు దగ్గరికి షట్టర్లెత్తడానికి పరిగెత్తిన లష్కర్ని ఎవర్నైనా అడగండి దాని విలువ.

మేజిక్ కింగ్‌డమ్ ముందున్న సెవెన్ సీస్ లగూన్ తవ్విన చెరువే, పక్కన బే లేక్ మాత్రం సొంతంగా ఉన్నది. తవ్విన మట్టితో పార్కు జాగా ఎత్తు పెంచారు, పార్కు కింద పనివాళ్ళు తిరిగే సొరంగాలున్నాయంటారే, అవి నేల మట్టానే కట్టారు, జనం నడిచేది వాటి పై అంతస్తు మీద. రెండు చెరువుల్నీ కలిపే కాలవ కంటెంపరరీ హోటల్ పక్కన రోడ్డు మీదుగా పోతుంది, కింద కార్లు, పైన పడవలు. మన పి.గన్నవరంలో గోదారి పాయ మీదుగా కాలవని దాటించే అక్విడెక్టు చూసినవాడికి అది చుట్టాలింటికి వెళ్ళినట్టుంటుంది.

రావులపాలెం_రమణి
బాబాయ్ గారూ, మీకు దణ్ణమండి. ఫోన్ ఆయన చేతికిచ్చా, రెండుసార్లు చదివి ఇప్పుడు అట్లాంటాకి వీడియో కాల్ చేసి కూర్చున్నారు. "ఆ అక్విడెక్టు దగ్గరికి నన్ను తీసుకెళ్ళు, పార్కు నీ ఇష్టం" అంటున్నారు. వాడికి అదేంటో తెలీదు పాపం, గూగుల్ చేస్తున్నాడు. అక్కడికి పాప్ సెంచురీ నుంచి ఎలా వెళ్ళాలండి, షట్టర్లు చూడనిస్తారా?

టాంపా_తణుకోడు
మీ హోటల్ బస్సు మేజిక్ కింగ్‌డమ్ అని బోర్డున్నది ఎక్కండి, మేజిక్ కింగ్‌డమ్ బస్టాండులోకి పోయే దారి ఆ నీటి వంతెన కిందే, బస్సు దాని అడుగునించి దూరి వెళ్తుంది, ముందు సీట్లో కూర్చోబెట్టండి ఆయన్ని. దిగాక బ్యాగులు చెక్ చేస్తారు, గేటు దాకా వెళ్ళకుండానే రిసార్ట్ మోనోరైలు స్టేషనుంది. ఎక్కితే మొదటి స్టాపే కంటెంపరరీ, రైలు సరాసరి హోటల్ కడుపులోంచి దూసుకెళ్తుంది. దిగితే లోపల తొంభై అడుగుల ఎత్తు టైల్స్ బొమ్మ, మేరీ బ్లెయిర్ అనే ఆవిడ వేసింది, 1971 నాటిది, అందులో ఒక మేకకి అయిదు కాళ్ళుంటాయి, మనవరాలిని వెతకమనండి. అదే రైలు మళ్ళీ ఎక్కితే పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటళ్ళు తిప్పి మొదటికి తెస్తుంది. చీకటి పడ్డాక పాలినేషియన్ ఇసక ఒడ్డున కుర్చీల్లో కూర్చుంటే పార్కులో కాల్చే బాణాసంచా చెరువు మీదుగా కనపడుతుంది. అది అవగానే లేచి పరిగెత్తకండి, పార్కు జనమంతా అప్పుడే బస్టాండు మీద పడతారు, ఓ ముప్పావు గంట ఆగి కదలండి.

లాకు_సూపర్నెంటు
షట్టర్ల దగ్గరికి పోనివ్వరు, కంచె వేసి ఉంటాయి. స్కైలైనర్లోంచో బస్సులోంచో కాలవలు కనపడతాయి, కళ్ళు అటు పెట్టి కూర్చోమనండి.

భీమారం_బుల్లోడు
ఆంటీ, అక్టోబర్ అంటే తుఫాన్ల సీజన్ నవంబర్ ఆఖరు దాకా ఉంటుందక్కడ, మెరుపులొస్తే స్కైలైనర్ ఆపేస్తారు. ఆ రోజు బస్సులు పెడతారు గానీ క్యూ పొడుగ్గా ఉంటుంది, ఫోన్లో డిస్నీ యాప్ వేయించుకుని బయల్దేరేముందు చూసుకోండి. ఇంకా నా మాట ఇదే, ఒక్కరోజు టికెట్ ఒకటి మీ వరకైనా కొనండి, అంకుల్ కాలవలు చూసుకుంటారు.

రావులపాలెం_రమణి
మా కోడలూ అదే అంటోంది బాబూ, ఒకరోజు తనూ నేనూ పాపా వెళ్దామని, ఆ రోజు తండ్రీ కొడుకులు గేటు బయటట. 2025లో రేట్లు రోజుని బట్టి 119 నుంచి 199 డాలర్ల దాకా ఉండేవని తీసి చూపించింది, చవక రోజు చూసి పెట్టమన్నా.